పవరు అను మాట: అర్థము, కొలత, ప్రయోగము

ఇంగ్లీషునుండి వచ్చి తెలుగువారి నోట ఇంటిమాటగా స్థిరపడిన పదములలో ‘పవరు’ ఒకటి. విజయవాడ నగరములో ఒక్క దినము గడచులోపల అది ఎన్ని చోట్ల వినబడునో గమనించినచో ఆశ్చర్యము కలుగును. తెల్లవారుజామున ఫ్యాను ఆగిపోయినచో ఇంటివారు ‘పవరు కట్’ అందురు. కళ్ళజోళ్ళ దుకాణములో ‘ఎడమ కంటికి పవరు పెరిగినది’ అని చెప్పుదురు. పల్లెనుండి మోటారు కొనవచ్చిన రైతు అది ఎన్ని హార్సు పవర్లదో విచారించును. లెక్కల తరగతిలో ‘టూ టు ద పవర్ ఫైవ్’ విలువ 32 అని పిల్లలు చెప్పుదురు. ఎన్నికల రోజులలో పవరులోనికి ఎవరు వత్తురను చర్చ టీకొట్టు దగ్గర సాగుచుండును. ఇన్ని విధములుగా ఈ మాటను విన్న పిల్లవాడే భౌతికశాస్త్రపు తరగతిలో ‘పవర్ అనగానేమి?’ అని అడిగినప్పుడు, తడుముకొనకుండ ‘శక్తి’ అని బదులు చెప్పును. ఆ జవాబు తప్పు.

మార్కు పోవుట చిన్న నష్టము. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి యున్నది. తెలియని మాట ఎదురైనచో ఆ విద్యార్థి దాని అర్థమును వెదకియుండెడివాడు. ఇది తెలిసిన మాట యనుకొనుటచేత వెదకలేదు. ఇంగ్లీషులో కఠినపదములు నేర్చుకొనుట కష్టమని అందరును అందురు గాని, విజ్ఞానశాస్త్రము చదువువారిని ఎక్కువగా చిక్కులలో పెట్టునవి ఇట్టి సులభమైన మాటలే.

నిఘంటువులోని కామాలు

విద్యార్థి చేతిలో సాధారణముగా నుండు చిన్న ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో ఈ పదమున కెదురుగా శక్తి, బలము, సామర్థ్యము, అధికారము అను మాటలు కామాలతో వరుసగా కనబడును. వీనిలో ఏ మాటయు తప్పు కాదు. తప్పంతయు కామాలలో నున్నది. కామాలను చూచిన విద్యార్థి, ఈ నాలుగు మాటలును ఒకదానికి బదులుగా మరియొకటి వాడదగినవని అనుకొనును. తరువాత ‘ఫోర్స్’, ‘ఎనర్జీ’, ‘స్ట్రెంగ్త్’ అను పదములకు అర్థము వెదకినచో ఇంచుమించుగా ఆ మాటలే మరల ఎదురగును. నాలుగు ఇంగ్లీషు పదములు, నాలుగు తెలుగు పదములు కలిసి ఒక కుప్పయగును. చిన్న నిఘంటువు అర్థములను చెప్పును. ఏ అర్థము ఎక్కడ చెల్లునో చెప్పదు.

ఈ కలగాపులగమునకు పూర్వపు నిఘంటుకారులను నిందించుట న్యాయము కాదు. కొంతకాలము మచిలీపట్నమున ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో ప్రకటించెను. విజయవాడ వద్ద కృష్ణపై తొలి ఆనకట్ట కట్టబడినది కూడ 1852–55 నడుమనే. అప్పటికి ఐరోపాలోని శాస్త్రజ్ఞులకే ఈ మాటల నడుమ గట్లు ఏర్పడలేదు. శక్తి నశింపదను నియమమును గూర్చి హెల్మ్‌హోల్ట్జ్ 1847లో ప్రకటించిన ప్రసిద్ధ రచన పేరులో నున్నది జర్మను భాషలో బలమును తెలుపు మాట. ఇంగ్లండులో ఫారడే 1857లో ఇచ్చిన ఉపన్యాసమునకు కూడ ‘కన్సర్వేషన్ ఆఫ్ ఫోర్స్’ అనియే పేరు. ‘ఎనర్జీ’ అను మాటను నేటి అర్థమునకు దగ్గరగా థామస్ యంగ్ 1807లోనే వాడినను, అది అందరి వాడుకలోనికి వచ్చుటకు అర్ధశతాబ్దము పట్టినది. పవరును కొలుచుటకు ‘వాట్’ అను ప్రమాణమును విలియం సీమెన్స్ ప్రతిపాదించినది 1882లో. కావున బ్రౌను కాలమున ఈ మాటలు కలసియుండుట సహజము. నూట డెబ్బది సంవత్సరములు గడచిన పిమ్మట కూడ పాఠశాలలో అవి కలసియే యుండుట మాత్రము విమర్శింపదగిన విషయము.

పాఠ్యపుస్తకము చేసిన పని, మిగిల్చిన పని

తెలుగు పాఠ్యపుస్తకములు ఈ చిక్కును చాలవరకు విడదీసినవి. ఫోర్స్ అనగా బలము, వర్క్ అనగా పని, ఎనర్జీ అనగా శక్తి, పవర్ అనగా సామర్థ్యము అని ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క మాటను కేటాయించినవి. ఇది తేలికగా జరిగిన పని కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రగ్రంథములను తెలుగులో వెలువరించిననాటినుండి, 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పారిభాషిక పదకోశములను సిద్ధపరచిన తరువాతి కాలము వరకు, ఈ కృషి తరములుగా సాగినది.

సామర్థ్యము అను మాటను ఎన్నుకొనుటలో యుక్తి లేకపోలేదు. ‘పవర్’ అను ఇంగ్లీషు పదమునకు మూలము చేయగలుగుట అను అర్థము గల లాటిను ధాతువు. సమర్థుడనగా చేయగలవాడు. మూలార్థమునుబట్టి చూచినచో రెండు మాటలును చుట్టములే. అయినను ఈ ఎన్నికయందు మూడు ఇబ్బందులు కనబడుచున్నవి. వీనిని ఉపాధ్యాయులు తెలిసికొనియుండుట అవసరము.

మొదటిది, వాడుకలో సామర్థ్యమనగా ఎంత పట్టునో తెలుపు మాట కూడ. ట్యాంకు సామర్థ్యము 1,000 లీటర్లు అందురు. జలాశయపు నిల్వ సామర్థ్యము ఇన్ని టి.ఎం.సి.లు అని పత్రికలు వ్రాయును. ఇక్కడ సామర్థ్యమనగా పరిమాణము. భౌతికశాస్త్రములోనో, అది పరిమాణము కాదు, రేటు. ఒకే మాట రెండు ఎదురు దిక్కులకు లాగుచున్నది.

రెండవది, బడి వెలుపల పాత మాటలు చెక్కుచెదరక నిలిచియున్నవి. పాఠ్యపుస్తకము హార్సు పవరును అశ్వసామర్థ్యమనినను, లోకములో ‘అశ్వశక్తి’ చెల్లుబాటగుచున్నది. శక్తి వేరు, సామర్థ్యము వేరని ఉదయము చదివిన విద్యార్థి సాయంకాలము మోటారు ప్రకటనలో అశ్వశక్తి యని చదువును.

మూడవది హిందీ. హిందీ పాఠ్యపుస్తకములలో పవరునకు ‘శక్తి’ యనియు, ఎనర్జీకి ‘ఊర్జా’ యనియు పేర్లు. తెలుగులో సౌరశక్తి యన్నదే హిందీలో ‘సౌర ఊర్జా’ యగును. తెలుగు శక్తియు, హిందీ శక్తియు ఒకే సంస్కృత పదము. కాని భౌతికశాస్త్రములో రెండు వేరు రాశులు. మూడు భాషలు చదువు విద్యార్థికి ఈ సంగతి ఎవరైన ఒకరు చెప్పవలసియున్నది. భాషోపాధ్యాయుడు ఇది భౌతికశాస్త్ర విషయమనియు, భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఇది భాషా విషయమనియు విడిచిపెట్టుటచేత తరచుగా ఎవరును చెప్పరు.

తెలుగు మాటలవలననే ఈ గందరగోళమంతయు వచ్చినదనియు, ఇంగ్లీషులో చదివినచో చిక్కు తీరుననియు కొందరు వాదింతురు. ఆ వాదము నిలువదు. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి నిత్యవ్యవహారములో కూడ పవర్, ఎనర్జీ, ఫోర్స్ అను మాటలు ఒకదానిపై నొకటి పడుచునే యుండును. వారి పిల్లలు కూడ శాస్త్రార్థమును ప్రత్యేకముగా నేర్చుకొనవలసినదే. మాధ్యమము మారినంతమాత్రమున భావము తేటపడదు. ఇటీవలి సంవత్సరములలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పుట ఇంగ్లీషులోను, ఎదుటి పుట తెలుగులోను అచ్చైన పాఠ్యపుస్తకములు వచ్చినవి. రెండు పుటలను పక్కపక్కన పెట్టి ఒక మాట ఎక్కడెక్కడ ఎట్లు మారినదో చూపుటకు ఇది మంచి అవకాశము. ఆ పోలిక చేయకున్నచో రెండు పుటలును రెండు వల్లెవేతలగును.

కృష్ణ నేర్పు పాఠము

‘ప్రమాణ కాలములో జరిగిన పనిని సామర్థ్యమందురు’ అని పుస్తకములోని నిర్వచనము. నిర్వచనములో లోపము లేదు. కాని దానిని అప్పచెప్పిన విద్యార్థికి ‘ప్రమాణ కాలములో’ అను రెండు మాటలు ఎంత ముఖ్యమో తెలిసినట్లు కనబడదు. వాడుకలోని శక్తి, బలము, సామర్థ్యము అను ఏ మాటలోను కాలమను భావము లేదు. దానిని చేర్చినది శాస్త్రము. కనుక ఉపాధ్యాయుడు ప్రత్యేకముగా ఎత్తిచూపవలసినది ఆ కాలమునే.

ఇందుకు కృష్ణా డెల్టాలోని ఉపాధ్యాయునకు దూరము పోనక్కరలేదు. ఇక్కడి రైతు కుటుంబములలో టి.ఎం.సి., క్యూసెక్కు అను మాటలు చదువురానివారికి కూడ తెలియును. జలాశయములో ఎంత నీరు నిలిచియున్నదో టి.ఎం.సి.లు చెప్పును. కాలువలో సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుచున్నదో క్యూసెక్కులు చెప్పును. ఒక టి.ఎం.సి. అనగా 100 కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కుల చొప్పున ఒక దినమంతయు నీరు పారినచో ఒక టి.ఎం.సి. యగును. ప్రకాశం బారేజి ఎగువన నిలువగల నీరు 3 టి.ఎం.సి.లకు కొంచెము ఎక్కువ. 2024 సెప్టెంబరు వరదలో బారేజివద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటినది. ఆ ఉధృతిలో ఒక టి.ఎం.సి. నీరు దాటిపోవుటకు పావుగంట చాలును. బారేజిలో నిలువ యుండు నీటికి సమానమైన నీరు ముప్పావుగంటలో సముద్రమువైపు సాగిపోవును.

‘బారేజిలో ఎన్ని క్యూసెక్కులు నిలువ యున్నవి?’ అని డెల్టా రైతు ఎన్నడును అడుగడు. అది అర్థములేని ప్రశ్నయని అతనికి తెలియును. శక్తికిని సామర్థ్యమునకును గల భేదము సరిగా ఇదే. శక్తి టి.ఎం.సి. వంటిది, సామర్థ్యము క్యూసెక్కు వంటిది. శక్తిని జౌళ్ళలో కొలుతురు. సెకనుకు ఒక జౌలు చొప్పున పని జరిగినచో ఆ సామర్థ్యము ఒక వాట్. తండ్రి నీటివిషయములో చేయని పొరపాటును కొడుకు విద్యుత్తు విషయములో చేయుచున్నాడనిన, బుద్ధి లేక కాదు. ఈ రెండును ఒకే తీరు లెక్కలని ఎవరును చెప్పకపోవుటచేత.

దేహమునకు తెలియునట్లు చెప్పవలెననిన ఇంద్రకీలాద్రి మెట్లు చాలును. 50 కిలోల బరువుగల బాలుడు 30 మీటర్ల ఎత్తుకు మెట్లెక్కినచో గురుత్వబలమునకు వ్యతిరేకముగా 14,700 జౌళ్ళ పని జరుగును. మెల్లగా ఎక్కినను, పరుగున ఎక్కినను పని అంతే. కాని 5 నిమిషములలో ఎక్కినచో సామర్థ్యము 49 వాట్లు. 2 నిమిషములలో ఎక్కినచో 122.5 వాట్లు. పైకి చేరిన తరువాత రొప్పులో కనబడు తేడా పనిలోనిది కాదు, సామర్థ్యములోనిది. ఈ లెక్కను చేసిన తరగతి నిర్వచనమును మరచిపోదు.

కరెంటు బిల్లుపై ఒక పరీక్ష

మాట తెలిసినదా లేదా అని పరీక్షించుటకు ఇంటికి వచ్చు కరెంటు బిల్లు మంచి ప్రశ్నపత్రము. అందులో మంజూరైన లోడు కిలోవాట్లలో నుండును. వాడిన విద్యుత్తు యూనిట్లలో నుండును. మొదటిది సామర్థ్యము, రెండవది శక్తి. ఒక యూనిట్ అనగా ఒక కిలోవాట్ గంట. అనగా 36 లక్షల జౌళ్ళు. పైన చెప్పిన బాలుడు ఆ మెట్లను 245 మారులు ఎక్కినచో గాని ఒక యూనిట్‌కు సరిపడు పని పూర్తి కాదు. కొన్ని రూపాయలకు ఇంటికి వచ్చు విద్యుత్తు ఎంతటి చాకిరికి సమానమో ఈ లెక్క తెలుపును.

ఇక్కడ ఒక తప్పును ప్రత్యేకముగా పేర్కొనవలెను. కిలోవాట్ గంటను ‘గంటకు కిలోవాట్’ అని చదువుట పెద్దలలో కూడ కనబడుచున్నది. గంటకు కిలోమీటర్లు అను అలవాటువలన ఇది వచ్చినది. అక్కడ గంటతో భాగించుట. ఇక్కడ గంటతో గుణించుట. కిలోవాట్ అను మాటలోనే ‘సెకనుకు’ అనునది దాగియుండుటచేత మరల ‘గంటకు’ అని చేర్చినచో అర్థము చెడును.

ఈ తేడా తెలియనివారు పొదుపులో కూడ పొరపడుదురు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెను చూచి భయపడుదురు. 75 వాట్ల ఫ్యానును లెక్కచేయరు. అరగంట వాడిన ఇస్త్రీపెట్టె అర యూనిట్ తీసికొనును. ఇరువది గంటలు తిరిగిన ఆ ఫ్యాను ఒకటిన్నర యూనిట్ తీసికొనును. పవరు చిన్నదైనను కాలము పెద్దదైనచో శక్తి పెద్దదగును.

యూనిట్ అను మాటలో మరియొక చిక్కున్నది. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నములోని తాప విద్యుత్ కేంద్రము 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించినది. ఇక్కడ యూనిట్ అనగా ఒక పూర్తి ఉత్పాదక యంత్రవిభాగము. బిల్లులోని యూనిట్ కాదు. అట్టి యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యముతో ఒక గంట నడచినచో 2 లక్షల 10 వేల బిల్లు యూనిట్లను ఇచ్చును. ఒక దినము నడచినచో 50 లక్షల 40 వేలు. ‘ఈ కేంద్రము దినమునకు 210 మెగావాట్లు ఉత్పత్తి చేయును’ అని వ్రాసినచో అది ‘ఈ కాలువ దినమునకు ఇన్ని క్యూసెక్కులు’ అన్నట్లుండును. విద్యుత్ ఛార్జీలను గూర్చియు, కొత్త కేంద్రములను గూర్చియు ప్రజలు తర్కించు కాలములో మెగావాట్లను యూనిట్లతో కలిపివేసిన వాదము ఎవరి పక్షముననున్నను పనికిరాదు.

సహవాసమునుబట్టి అర్థము

భౌతికశాస్త్రములోని అర్థమే ఈ మాటకు అసలైన అర్థమనియు, మిగిలినవి తప్పులనియు చెప్పుట కూడ సరికాదు. ఒక్కొక్క శాస్త్రములో దీనికి ఒక్కొక్క స్థానమున్నది. గణితములో పవర్ అనగా ఘాతము. అక్కడ కాలముతో పని లేదు, ప్రమాణమును లేదు. కటకము పవరును డయాప్టర్లలో కొలుతురు. అది మీటర్లలో చెప్పిన నాభ్యంతరమునకు విలోమము. మైనస్ 2 పవరు గల కటకపు నాభ్యంతరము మైనస్ అర మీటరు. కంటికి పవరు పెరిగినదనగా దృష్టి బలపడినదని కాదు, కటకము కాంతిని మునుపటికంటె ఎక్కువగా వంచవలసివచ్చుచున్నదని. ఇంటిలోని పెద్దలు ఈ మాటను తరచుగా తలకిందులుగా అర్థము చేసికొందురు.

ఇంగ్లీషు వాక్యములో ఈ భేదమును చూపునవి మాట పక్కనుండు చిన్న మాటలు. ‘ఇన్ పవర్’ అన్నచో అధికారములో నుండుట. ‘టు ద పవర్ ఆఫ్’ అన్నచో ఘాతము. ‘పవర్ ఓవర్’ అన్నచో ఒకరిపై పెత్తనము. ‘పవర్ టు’ అని క్రియ చేరినచో చేయగలుగుట. ‘పవర్ ఆఫ్ ఎ లెన్స్’ అన్నచో కటకపు గుణము. వాట్లు, కిలోవాట్లు పక్కనున్నచో పని జరుగు రేటు. అర్థమును ఒంటరి మాటలో వెదకినచో దొరకదు. దాని సహవాసములో వెదకవలెను.

విద్యుత్తు విషయములో తెలుగువారి అలవాటు ఇంకొక వింత. ఇంగ్లీషువారు ‘పవర్’ పోయినదన్నచోట తెలుగువారు ‘కరెంటు’ పోయినదందురు. కరెంటు అనగా విద్యుత్ప్రవాహము. దానిని ఆంపియర్లలో కొలుతురు. ఇంటి వ్యవహారములో రెంటికిని భేదము లేదు, ఉండనక్కరలేదు కూడ. కాని తరగతిలో ‘కరెంటు ఎంత?’ అన్న ప్రశ్నకు వాట్లలో జవాబు వచ్చుట ఈ అలవాటు ఫలితమే. ఇంటిమాటను ఎగతాళి చేయక, అది ఇంటిలో ఒప్పు, ప్రయోగశాలలో వేరు అని చెప్పిన చాలును.

ఉపాధ్యాయులు చేయదగినది

ఈ చిక్కు తీరుటకు కొత్త పారిభాషిక పదములను సృష్టింపనక్కరలేదు. ఉన్న మాటలను గట్టిపరచుకొనిన చాలును. సామర్థ్యమను మాట పొడిగా తోచినచో ‘జోరు’ అను వాడుకమాటను మెట్టుగా వాడవచ్చును. అది పారసీకమునుండి వచ్చిన మాట. అక్కడ బలమని అర్థము. తెలుగులో మాత్రము నీరు జోరుగా వచ్చుచున్నదన్నప్పుడు వేగము కూడ అందులో చేరినది. పుస్తకములో వ్రాయుటకు కాకున్నను, పిల్లవాని మనస్సులో రేటను భావమును నిలుపుటకు ఇట్టి మాట ఉపకరించును.

నిఘంటువు చూచు అలవాటును మాన్పింపరాదు, దానిని మెరుగుపరచవలెను. పవర్ వంటి మాట ఎదురైనప్పుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసికొనునట్లు చేయవలెను: ఇక్కడ దీనిని ఏ ప్రమాణములో కొలుచుచున్నారు? దీని పక్కన ఏ మాటలున్నవి? ఈ రెంటికి జవాబు దొరికిన పిమ్మట నిఘంటువులోని నాలుగు మాటలలో ఏది చెల్లునో తానే తేల్చుకొనగలడు. నోటు పుస్తకములో ఒక పుటను ఇందుకై విడిచి, వారము పొడవున తాను విన్న పవరులన్నిటిని వ్రాసి, ఎదురుగా ప్రమాణమును, తెలుగు మాటను వ్రాయుమని చెప్పవచ్చును. బిల్లు, మోటారు పలక, కళ్ళజోడు చీటీ, వార్తాపత్రిక, లెక్కల పుస్తకము ఈ పనికి చాలిన సామగ్రి. ఫోర్స్, వర్క్, ప్రెషర్, యూనిట్, కరెంట్ అను మాటలను కూడ ఇట్లే పరిశీలింపవచ్చును.

ఇంగ్లీషు ఉపాధ్యాయుడును, భౌతికశాస్త్రోపాధ్యాయుడును కలిసి ఏడాదిలో ఇటువంటి పది మాటలను పంచుకొని చెప్పినచో, పదవ తరగతి దాటి ఇంటర్మీడియటులో ఇంగ్లీషు పుస్తకములు చేతపట్టు విద్యార్థికి సగము భయము తగ్గును. కృష్ణ ఒడ్డున పుట్టినవానికి క్యూసెక్కు తెలిసినంత సులభముగ కిలోవాట్ కూడ తెలియవచ్చును.